నుయ్యి అడగని సంబంధం

పోయిన మాఘంలో మా పెద్దమనవడు నన్ను రైలెక్కించి ఆ కొండమీది ఊరు తీసుకెళ్లాడు. ఊరి పేరు రాయను. ఆ ఊరేలిన రాజుగారి వంశంవారు ఇప్పటికీ ఉన్నారు, మంచివాళ్లేనని విన్నాను, వాళ్లని నొప్పించి నాకు వచ్చేదేమీ లేదు. మా ఇంట్లో దాన్నెప్పుడూ కొండమీదూరు అనే అన్నాం, ఇక్కడా అలాగే అంటాను. ఈ వయసులో నాకు దేవుడి కొండ చాలదా, రాజుల కొండెందుకురా అన్నాను. అన్నవరం ఎప్పుడైనా వెళ్లొచ్చు మామ్మా, ఆ మేడలూ తోటలూ చూడకుండా పోతే ఏం లాభం అన్నాడు వాడు. చిన్నప్పుడొకసారి చూశానని చెప్తే నమ్మలేదు. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అని అడిగాడు. నిజమే, చెప్పలేదు. మా ఇంట్లో ఎవరూ ఆ ఊరి సంగతి ఎత్తేవాళ్లు కాదు.

మేడలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. మెట్లకి అటూ ఇటూ గులాబీ మళ్లు, మధ్యలో పాలరాతి తొట్టి, ఆ తొట్టిలో రాతి హంస. హంస ముక్కులోంచి నీళ్లు పైకి చిమ్మి తుంపర్లుగా పడుతున్నాయి. జనం గుంపులుగా వచ్చి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మా మునిమనవరాళ్లిద్దరూ తొట్టిలో చేతులు పెట్టి ఒకళ్లమీద ఒకళ్లు నీళ్లు జల్లుకుంటూ కేరింతలు కొడుతుంటే నా ఒళ్లంతా చల్లబడిపోయింది. వద్దర్రా, కాపలావాడు చూస్తాడు అని పెద్దగా అరిచానట. నాకు గుర్తులేదు, తరవాత వాళ్లు చెప్పారు. ఎండదెబ్బ అనుకుని నన్ను నీడలో కూచోబెట్టి విసిరారు. మాఘమాసంలో ఎండదెబ్బేంటో వాళ్లకే తెలియాలి.

కాస్త తేరుకున్నాక లేచి ఉత్తరపు గోడ వెంబడి నడిచాను. అక్కడొక చిన్న తలుపు ఉండాలి. లేదు. గోడ పొడుగునా ఒకటే సున్నం. పాదులు చేస్తున్న తోటమాలిని పిలిచి ఇక్కడి తలుపేమైందని అడిగాను. "ఇక్కడ తలుపెప్పుడూ లేదండి మామ్మగారూ. మా తాతల నాటి నుంచీ గోడేనండి" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకి నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆ తలుపు ఒక్క పూట తెరుచుకోబట్టి మా ఇంటి బతుకే ఇంకో దారి పట్టింది. దాన్ని పట్టుకుని లేదంటే ఎలా. అక్కడొక తలుపుండేదని చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను, అందుకని రాస్తున్నాను.

మా ఇల్లు కాలవ గట్టు మీద. పెరటి తలుపు తీస్తే మెట్లు, మెట్ల కింద గోదావరి నీళ్లు. ఆ ఇంట్లో పుట్టినదాన్ని కనుక నీళ్లు ఒకరు మోసుకొచ్చి ఇంకొకరికి పెట్టేవని నాకు తెలియదు. తెల్లారకముందే పాలేరు పశువుల్ని కాలవలో దించేవాడు. అమ్మ పేడ కలిపి వాకిలి పొడుగునా కళ్లాపి జల్లేది. పచ్చిపేడ వాసనా, తడిసిన మట్టి వాసనా, దాలిలో సన్నగా కాగుతున్న పాల వాసనా కలిసి పక్కమీదికి వచ్చేవి. నాకు తెల్లవారడమంటే అదే. ఇత్తడి సామాను చింతపండూ బూడిదా పెట్టి తోమి కాలవలో ముంచి తీసేవాళ్లు. ఒకసారి ముంచితే మామ్మకి చాలదు. మళ్లీ ముంచాలి, మళ్లీ ముంచి ఎండలో బోర్లించాలి. గుమ్మాలు కడగడం, అరుగులు కడగడం, ఆఖరికి గేదె కట్టుకొయ్యని కూడా కడగడం. మా ఇంట్లో సగం పని కడుక్కోవడమే.

మామ్మ మా నాన్నని కన్నతల్లి. తాతయ్య పోయాక ఇల్లూ పొలమూ ఆవిడ చేతిమీదే నడిచేవి. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది. మనుషుల్ని వాళ్లు కాళ్లు కడుక్కునే తీరుని బట్టి అంచనా కట్టేది. వీధరుగు పక్కన గంగాళం నిండా నీళ్లు, దానిమీద చెంబు ఎప్పుడూ ఉండేవి. వచ్చినవాళ్లు మడమలు నానేలా గుమ్మరించుకుంటే మంచి ఇంటివాళ్లు. వేళ్ల మీద నాలుగు చుక్కలు జల్లుకుని లోపలికొస్తే ఎంత ఆస్తిపరులైనా సరే, పీనాసి సంత అని వంటింట్లోకొచ్చి గొణిగేది. అయితే ఆవిడ పుట్టినప్పుడు రోజులు ఇలా లేవు. ఆనకట్ట కట్టకముందు కరువొస్తే ఎండిన ఏటి ఇసకలో గుంట తవ్వి, అందులో ఊరిన ఊటని కొబ్బరిచిప్పతో తోడుకుని బతికారట. ఆ గుంటల్నే చెలమలంటారు. ఇదంతా నాన్న చెప్పగా విన్నదే. మామ్మ దగ్గర ఎవరైనా ఆ ఊసెత్తితే లేచి వెళ్లిపోయేది. కాలవ వచ్చాక ఆ రోజుల్ని కాలవలోనే కలిపేసిందనుకుంటాను.

చిన్నత్త మాణిక్యం నాన్నకి ఆఖరి చెల్లెలు. నన్ను చంకనేసుకుని పెంచింది, కాలవలో ఈత నేర్పింది. తలంటు పోసుకున్న రోజున ఆవిడ జుట్టు ఆరడానికి పొద్దు వాలేది, ఆ కుంకుడుకాయల వాసన కోసం నేను ఆ జుట్టు వెనకే తిరిగేదాన్ని. ఆవిడకి కొండమీదూరి సంబంధం వచ్చినప్పుడు మామ్మ అడగని ప్రశ్న లేదు. పొలమెంత, పాడి ఉందా, అత్తగారి నోరెలాంటిది, పిల్లాడికి చుట్ట అలవాటుందా. పిల్లాడి పేరు సుబ్బారాయుడు. రాజుగారి తోటలకి నీళ్లు పెట్టించి, పూలూ పళ్లూ దగ్గరుండి చూసుకునే ఉద్యోగం. ఇల్లు దివాణం వాళ్లిచ్చిందే. తల్లీ కొడుకూ తప్ప ఇంట్లో ఇంకెవరూ లేరు. నాన్న స్వయంగా వెళ్లి చూసొచ్చాడు. మేడలూ, నెమళ్లూ, నీళ్లు కక్కే రాతి హంసా అని ఆయన చెప్తుంటే మా అరుగు జనంతో నిండిపోయింది. దూరపు కొండలు నునుపని ఆ అరుగు మీద ఒక్కరికీ గుర్తు రాలేదు. అంత తోట ఉన్న ఊళ్లో నీళ్లున్నాయా అని ఎవరడుగుతారు. మాకది ఆ ఊళ్లో గాలి వీస్తుందా అని అడిగినట్టుండేది.

కాపురానికి వెళ్లాక చిన్నత్త పుట్టింటికి రాలేదు. పండగకి కబురు పెడితే అత్తగారికి నడుం నొప్పి అని, పెళ్లికి పిలిస్తే ఇంట్లో వీలు పడదని, ఏదో ఒక అడ్డం. మేడల్లో పడి మనల్ని మరిచిపోయిందిలే అని మామ్మ నవ్వుతూనే ఎత్తిపొడిచేది. ఆఖరికి నీళ్లోసుకుందని కబురొచ్చింది. ఏడో నెల రాగానే మా వైపు తల్లి చలిమిడి చేసుకుని వెళ్లి కూతురికి పెట్టి, పురిటికి ఇంటికి తెచ్చుకుంటుంది. మామ్మ చలిమిడి పాకం తనే పట్టింది. ఏలక్కాయలూ నెయ్యీ వేసిన ఆ ముద్ద వాసన ఇల్లంతా కమ్మేసింది. అరిసెలు, కొబ్బరికాయలు, పెరటి పనసపండు, అన్నీ సర్దుకుని మామ్మా, నాన్నా, నేనూ పడవెక్కాం.

సామర్లకోట దాకా పడవ, అక్కణ్ణించి బండి. కాలవ వదిలేశాక నేల రంగు మారిపోయింది. ఎర్రమట్టి, తాటిచెట్లు, ముళ్లకంప. బండి చక్రాల కింద నుంచి లేచిన దుమ్ము మా కనుబొమల మీద పేరుకుంది. మామ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఊరు చేరగానే ముందు తలమీంచి స్నానం చెయ్యాలి అంటూ కూచుంది. కొండ వంపు తిరగ్గానే మేడలు కనిపించాయి. ఎర్రటి కొండ నెత్తిన పచ్చటి తోట, ఆ పచ్చదనంలో తెల్లటి మేడలు. నేను బండిలో లేచి నిలబడ్డాను. మామ్మ కూడా కొంగు తీసి చూసింది. నా కూతురు రాణివాసంలో ఉందిరా అబ్బాయి అని నాన్నతో అంది. ఆ గొంతులో పొంగు నాకిప్పటికీ వినిపిస్తుంది.

ఇల్లు తోట గోడకి వెనకవైపు వాడలో ఉంది. చిన్నత్త అత్తగారు, అచ్చమ్మగారు, చిన్న చెంబు పట్టుకుని గుమ్మంలోకి ఎదురొచ్చింది. ముగ్గురికీ కలిపి ఆ ఒక్క చెంబే. నాన్న చూసుకోకుండా దాదాపు అంతా తన కాళ్ల మీదే పోసుకున్నాడు. అడుగున మిగిలింది చూసి మామ్మ మొహం మాడిపోయింది. వరండా మూల మూతపెట్టిన పెద్ద కాగు ఉంది. మామ్మ ఎవరినీ అడగలేదు. అడగాలని తెలియదు. మూత తీసి, నా కాళ్లూ చేతులూ మొహమూ కడిగింది, తన కాళ్లు కడుక్కుంది, కాగుని పెరట్లోకి లాగించుకుని కట్టుబట్టతోనే తలమీంచి పోసుకుంది. ఆ చీర రెండుసార్లు జాడించింది. అడుగున మిగిలిన నీళ్లు శుభ్రంగా ఉంటుందని పెరటి గుమ్మం మీద గుమ్మరించింది. ఇదంతా ఎంతో హుషారుగా, ప్రయాణం బడలిక తీరిందంటూ చేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కంచె అవతల నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. చుట్టాలొస్తే నాలుగు మాటలు కలపని ఊరేంటిదని నాకు విచిత్రంగా ఉంది.

అంతలో పడుకున్న చిన్నత్త మా అలికిడికి లేచి లోపల్నుంచి వచ్చింది. నేను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. పొట్ట తప్ప మనిషి లేదు. జుట్టు ముడి నా పిడికిలంత ఉంది. తల్లిని చూసి నవ్వి, వంగలేక వంగి కాళ్లకి దణ్ణం పెట్టి, లేస్తూ ఖాళీ కాగు చూసింది. ఆ నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు మారిపోయాయి. అచ్చమ్మగారు దండెం మీది గుడ్డ తీసి, బిందె కిందకి నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు చుట్టుకోబోయింది. చిన్నత్త ఆవిడ చేతిలోంచి గుడ్డ తీసుకుంది. ఇప్పుడే వస్తానమ్మా, కూచో, అని ఒక బిందె నెత్తినా ఒకటి చంకనా పెట్టుకుని బయల్దేరింది. నేనూ వస్తానని వెంటబడ్డాను.

దారి తోట ఉత్తరపు గోడ పక్కనే కిందికి దిగుతుంది. అంతా గులకరాళ్లు. గోడ అవతల వాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు. ఆకాశం చూస్తే మబ్బు తునక లేదు. వాన కాదే, తోటలో హంస అంది చిన్నత్త. గోడలో ఒక చిన్న తలుపు, దానికి తాళం. కొండ దిగితే ఎండిపోయిన వాగు. వాగులో చెలమ, చెలమ చుట్టూ ఆడవాళ్లు, ఖాళీ బిందెలు. ఇంటికొక వంతు. ఒకళ్లు తోడుకున్నాక మళ్లీ ఊట ఊరేదాకా తరవాతవాళ్లు కూచోవాలి. చిన్నత్త వంతు వచ్చేసరికి నీడ ఇటునుంచి అటు తిరిగింది. ఆవిడ మోకాళ్ల మీద వాలి, పొట్ట అడ్డం వస్తుంటే ఒక పక్కకి ఒరిగి, కొబ్బరిచిప్పతో బురద కదలకుండా పైపైన తోడుతోంది. నేను నిలబడి చూస్తున్నాను. కాలవలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేపలా ఈదిన మనిషి. చిప్పలోంచి ఒక చుక్క ఇసకలో పడితే తలెత్తి నన్ను చూసింది, నేనేదో చూడకూడనిది చూసినట్టు.

పైకి ఎక్కేటప్పుడు ఆ గోడకి చెయ్యి ఆనించి ఆగింది. రొప్పుతోంది. అవతల నీళ్లు పడుతూనే ఉన్నాయి. లోపల చెరువుంది, వానాకాలం నీళ్లన్నీ అందులోకి మళ్లించి తోటకని దాస్తారు, ఊళ్లోవాళ్లు ముట్టుకోకూడదు అని చెప్పింది. మావయ్యే కదా తోటకి నీళ్లు పెట్టించేది, మనక్కూడా కాసిని తెమ్మను అన్నాను. ఆవిడ నన్ను కసరలేదు. "అవి పూల నీళ్లే. మీ మావయ్య ఒక్క చెంబు పట్టుకొచ్చినా ఉద్యోగం పోద్ది, దాంతోపాటే ఇల్లూ పోద్ది" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది ఏమిటో అప్పుడు తెలియలేదు. పూలకి నీళ్లు పోసే మనిషి పెళ్లాం గోడకి ఇవతల చిప్పతో బురద తోడుకోవడం ఏమిటో, అది తప్పని ఎవరూ అనకపోవడం ఏమిటో, ఇన్నేళ్ల తరవాత కూడా నాకు మింగుడు పడదు.

ఇంటికొచ్చేసరికి మామ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. నెత్తిన బిందె, చంకన బిందె, మధ్యలో ఆ పొట్ట. చూసి కొయ్యబారిపోయింది. నేను ఆగలేక చెలమ సంగతీ గోడ సంగతీ గబగబా చెప్పేశాను. మామ్మ వియ్యపురాలి వైపు తిరిగి, నిండు చూలాలి చేత నీళ్లు మోయిస్తారా అండీ అని గొంతు పెంచింది. అచ్చమ్మగారు నెత్తి మీది కొంగు తీసి తల వంచింది. నడినెత్తిన అరచేతి మేర ఒక్క వెంట్రుక లేదు. తోలు నున్నగా, గట్టిపడి మెరుస్తోంది.

"కాపురానికొచ్చిన కాణ్ణించీ నేనూ మోశానండి. ఇప్పుడు నడుం పడిపోయింది. పోయినేడు మీ అమ్మాయికి ఆ దారిలోనే కడుపు పోయింది. మీకు కబురు పెడదామంటే తనే వద్దంది. మా మెట్టలో పిల్లనిచ్చేవాళ్లు ముందు నుయ్యి ఎంత దూరమని అడుగుతారండి. మీరు అడగలేదు. తోటలు చూసుకుని వెళ్లిపోయారు."

కోపంగా అనలేదు. అందుకే మామ్మ తట్టుకోలేకపోయింది. అక్కడే పెరట్లో చతికిలబడింది. ఒక మనిషి బతికుండగానే మొహంలో రక్తం ఇంకిపోవడం నేను మొదటిసారి చూశాను. ఆవిడ గుమ్మం మీద పోసిన నీళ్లు అప్పటికే ఎండిపోయాయి, తడి మరక కూడా లేదు. ఆ ఎండిన చోట చెయ్యి పెట్టి రాస్తూ కూచుంది. నాన్న వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు. చలిమిడి మూట ఎవరూ విప్పలేదు.

మర్నాడు బండి కట్టించి చిన్నత్తని బయల్దేరమంటే రానంది. నేనొస్తే అత్తయ్య మోయాలి, ఆవిడ ఆ దారి దిగితే మళ్లీ ఎక్కలేదు అంది. కూలికి మనిషిని పెడదామని నాన్న అన్నాడు. కుదరదు, చెలమ దగ్గర ఇంటి మనిషో అయిన చుట్టమో అయితేనే వంతు, పరాయి చెయ్యి పెట్టనివ్వరు. మగవాళ్లు అసలే వెళ్లరు. మావయ్య వీధరుగు మీద తల వంచుకుని కూచున్నాడు. చెడ్డవాడు కాదు. నలుగురిలో గట్టిగా దగ్గడానికి కూడా వెనకాడే మనిషి. అత్తగారు అల్లుడి ఎదట పడకూడదు కనుక మామ్మ తలుపు చాటునుంచే ఇదంతా వింటోంది. అందరూ నీళ్లు నములుతుంటే ఆ చాటునుంచి, నేనుంటాను అంది.

నాన్న ముందు వినిపించుకోలేదు. వినిపించాక లోపలికొచ్చి, కూతురింట్లో తల్లి పూటకి మించి ఉంటే లోకం ఏమంటుంది, ఈ వయసులో నువ్వు బిందెలు మోస్తావా, నలుగురు పాలేళ్లున్న ఇల్లు మనది అని మొత్తుకున్నాడు. మామ్మ జుట్టు బిగించి ముడేసుకుంటోంది.

"ఈ సంబంధం ఖాయం చేసింది నేను. అన్నీ అడిగి అసలుది అడగంది నేను. నా కడుపున పుట్టింది మోసింది కదా, నేను మోయలేనా. దాన్ని తీసుకెళ్లు."

చిన్నత్త ఏడ్చింది, అచ్చమ్మగారు చేతులు పట్టుకుని వద్దంది. మామ్మ ఒక పట్టు పడితే ఎవరి మాటా చెల్లదు. మేం బండెక్కేసరికి చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని వాగు దారి పట్టింది. గంగాళం నిండా నీళ్లు లేకపోతే పాలేరు వీపు చీరేసే మా మామ్మ. కొండ వంపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. నాన్న ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

చిన్నత్త మా ఇంట్లో ఆడపిల్లని కంది. తేలిగ్గానే కంది. కానీ వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ కాలవలో కాలు పెట్టలేదు. మెట్ల మీద కూచుని ఒక చెంబుడు నీళ్లతో ఒళ్లు తుడుచుకునేది. అమ్మ ఎంత చెప్పినా, చాలు వదినా అనేది. కళ్లాపి జల్లుతుంటే మొహం పక్కకి తిప్పుకునేది. ఆ చప్పుడు భరించలేననేది. నాకప్పుడు అది పిచ్చిగా తోచింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు చెంబు వదిలేసి బొక్కెనలకి బొక్కెనలు కుమ్మరించుకుంటుంటే చిన్నత్త మొహమే కనిపిస్తుంది. మాకు నీళ్లు లేనప్పుడు మనుషులు ఎలా బతికారో మామ్మ ఒక్క తరంలో మరిచిపోయింది. నా మనవలు మరవడానికి కూడా ఏమీ లేదు, వాళ్లకసలు తెలియదు. కొండమీదూళ్లో ఇప్పుడు వాడవాడకీ నుయ్యి ఉందని మనవడు చూపించాడు. సంతోషం. ఆ నూతి గట్టు పట్టుకుని నేను కదలకపోతే, నాకు ఎండకి తల తిరుగుతోందన్నాడు.

ఆ ఎండల్లో కొండమీద జరిగింది నేను చూడలేదు, మామ్మ తరవాత చెప్పింది. ఒకే ఒక్కసారి చెప్పింది. వైశాఖంలో చెలమ అడుగంటింది. తెల్లారకముందు వెళ్తే ఎండ ముదిరాక ఒక బిందె దొరికేది. అలా ఒకరోజు నిండు బిందెతో గోడ వెంబడి ఎక్కుతుంటే, ఆ చిన్న తలుపు ముందు అల్లుడు నిలబడి ఉన్నాడు, తోటపని వాళ్ల కోసం చూస్తూ. సన్నటి దారి, తప్పుకునే చోటు లేదు. అల్లుడి ఎదట నిలబడకూడదు, ఆయన్ని దాటి పోకూడదు. మామ్మ కొంగు మొహం మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి, ఆయన కదిలేదాకా ఆగింది. ఆయన లోపలికి వెళ్లిపోతే సరిపోయేది. వెళ్లలేకపోయాడట. అత్తగారు పక్కింట్లో ఉన్నా గొంతు తగ్గించే మనిషి ఆయన, ఆ అత్తగారే తనకోసం తన ఎదట నిండు బిందె నెత్తిన పెట్టుకుని గోడకి మొహం పెట్టి నిలబడి ఉంది. వెనక మిగతా ఆడవాళ్లంతా వరసగా ఆగిపోయారు. మామ్మ మెడ వణుకుతోంది. బిందెలో నీళ్లు తొణికి వీపు మీదుగా కారి నేలపాలవుతున్నాయి. ఆ నేల మీద నీళ్లు చూసి ఆయన మొలలోంచి తాళంచెవి తీశాడు. తలుపు బార్లా తెరిచి, మామ్మ వైపు చూడకుండా, ఆ వెనకున్న ఆడవాళ్లతో, "అందరూ లోపలికి రండమ్మా. హంస తొట్టిలో ముంచుకోండి" అన్నాడు.

ముందు ఎవరూ కదల్లేదట. తరవాత వాడంతా వచ్చింది. ఆ పూట ఆ కొండమీద ఆడవాళ్లు బిందెలూ కుండలూ పాలచట్లూ కూడా నింపుకున్నారు. కాపలావాళ్లు కర్ర పట్టుకుని నిలబడ్డారు, అటువంటిది ఎప్పుడూ జరగలేదు కనుక ఏం చెయ్యాలో వాళ్లకి తెలియలేదు. సాయంత్రానికి తెలిసింది. ఉద్యోగం పోయింది, ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. తలుపుకి ఆ రాత్రే రాళ్లు పేర్చి మట్టి మెత్తేశారట. మామ్మా, మావయ్యా, అచ్చమ్మగారూ సామర్లకోటలో ఎవరి సత్రంలోనో ఉండి, వేసవికి కట్టేసిన కాలవలకి మళ్లీ నీళ్లు వదిలి పడవలు తిరగడం మొదలెట్టగానే మా ఊరికి బయల్దేరారు.

కొత్తనీరు ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ వస్తోంది. పడవ మా పెరటి మెట్ల దగ్గరే ఆగింది. ముందు మామ్మ దిగింది, నల్లగా కమిలిపోయి. అమ్మ ఆవిడ నెత్తి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నత్త బిడ్డనెత్తుకుని గుమ్మంలో నిలబడింది. మావయ్య మూట పట్టుకుని దిగి ఎటు చూడాలో తెలియక పడవ వైపే చూస్తున్నాడు. అచ్చమ్మగారు ఆఖర్న దిగింది. ఆ ఇంటి నుంచి ఆవిడ చేత్తో పట్టుకొచ్చింది బిందె ఒక్కటే. మెట్టు మీద నిలబడి, తెరచాప పడవలు మోసుకుంటూ పోతున్న ఆ నీళ్లని చూసింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది.

"ఈ నీళ్లన్నీ ఎటు పోతాయండి?" అని నాన్నని అడిగింది.

"సముద్రంలోకండి" అన్నాడు నాన్న.

ఆవిడ వంగి, బిందె ముంచి, కొంగు తీసి కుదురు చుట్టుకుని నెత్తికెత్తుకుంది. మెట్లెక్కి ఇటు తిరిగింది. ఎదురుగా నాలుగడుగుల్లో వంటింటి గుమ్మం. ఇంక నడవడానికి దారి లేదు. ఆవిడ అక్కడే నిలబడిపోయింది. మామ్మ దగ్గరికెళ్లి రెండు చేతులూ చాపి బిందె దించబోయింది. అచ్చమ్మగారు వదల్లేదు.